ప్రభువు బల్ల దగ్గర అమ్మగారు

మార్చి నెల మొదటి శుక్రవారం స్త్రీల ప్రపంచ ప్రార్థన దినం. ఏటా ఒక దేశపు స్త్రీలు ప్రార్థన క్రమం రాసి పంపితే మిగిలిన దేశాల స్త్రీలంతా దానినే చదువుతారు. 2025లో పసిఫిక్ సముద్రంలోని కుక్ దీవుల స్త్రీల వంతు వచ్చింది. ఇటువంటి కూడికల్లో వేర్వేరు సంఘాల వారు ఒకే చాప మీద కూర్చుంటారు. అభిషేకం పొందిన స్త్రీ పాస్టర్లూ ఉంటారు, ఎంత వేదాంతం చదివినా తమ సంఘం అభిషేకం ఇవ్వని వారూ ఉంటారు. అయినా ప్రార్థన ఒక్కటే. మగవారి సంఘాలు ఇన్నేళ్లుగా సాధించలేని ఐక్యతను ఆడవారు ఒక్క పూటకైనా చేసి చూపించడం గమనించదగిన విషయం.

గోదావరి డెల్టాలో క్రైస్తవం మొదటినుంచీ ఒక్క రకం కాదు. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులతో నర్సాపురం ప్రాంతంలో బ్రదరన్ సంఘాలు మొదలయ్యాయి. రాజమండ్రిలో లూథరన్లు, కాకినాడలో కెనడా బాప్టిస్టులు, ఇంకా రోమన్ కథోలికులు, సి.ఎస్.ఐ. వారు ఉన్నారు. బౌడెన్, బీర్‌ల పేర్లు తెలిసిన వారు చాలామందే. వారితో సముద్రం దాటి వచ్చిన భార్యల పేర్లు ఎందరికి తెలుసు?

బైబిలు స్త్రీల సంగతీ అంతే. కాలువ గట్ల వెంట నడిచి, పడవ దాటి, మగ బోధకులు అడుగు పెట్టలేని వంటిళ్లలోకి వెళ్లి వాక్యం చెప్పినవారు, ఆడపిల్లలకు అక్షరాలు దిద్దించినవారు వారే. రాజమండ్రిలో షార్లెట్ స్వెన్సన్ పేరున ఉన్న బైబిలు శిక్షణ పాఠశాల ఇటువంటి సేవకు స్త్రీలను తయారు చేసింది. సంఘాన్ని కట్టడానికి పనికివచ్చిన చేతులు రొట్టె విరిచి ఇవ్వడానికి మాత్రం చాలాకాలం పనికిరాలేదు.

ఆ తలుపు మెల్లగా తెరుచుకుంది. సి.ఎస్.ఐ.లో 1976లో ఎలిజబెత్ పాల్ గారు తొలి స్త్రీ గురువుగా అభిషేకం పొందారు. ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం 1999లో స్త్రీలకు అభిషేకం ఇచ్చింది. 2013 సెప్టెంబరు 30న నంద్యాలలో ఇ. పుష్పలలిత గారు సి.ఎస్.ఐ.లో తొలి మహిళా బిషప్ అయ్యారు. మనకు మిషనరీలను పంపిన ఇంగ్లండు సంఘంలో స్త్రీలు గురువులయింది 1994లో, బిషప్ అయింది 2015లో. ఈ విషయంలో దక్షిణ భారతమే ముందు నడిచింది. ఇది పైదేశపు మోజు అనేవారు ఈ తేదీలను ఒకసారి చూడాలి.

స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలని పౌలు కొరింథీయులకు రాశాడు కదా అని కొందరు పెద్దలు అడుగుతారు. అదే పౌలు రోమీయులకు రాసిన పత్రిక చివరి అధ్యాయంలో ఫీబే అనే సహోదరిని సంఘ పరిచారకురాలిగా పరిచయం చేసి, ఆమెకు సహాయం చేయమని కోరాడు. పునరుత్థానపు కబురు శిష్యులకు మోసుకెళ్లింది మగ్దలేనే మరియ. ఒక్క వచనాన్నే పట్టుకుని మిగతావి వదిలేయడం న్యాయం కాదు. అయితే ప్రతి సంఘానికీ ఒక పద్ధతి ఉంది. కథోలికుల్లో స్త్రీలకు గురుత్వం లేదు. బ్రదరన్ వారిలో అభిషేకం మగవారికీ లేదు. ఎవరి పద్ధతి వారిది. కానీ అభిషేకం ఇచ్చిన సంఘాలు ఇచ్చిన మాట నిలుపుకోవాలి.

అసలు పరీక్ష ఇక్కడే ఉంది. పల్లెలో పాస్టరు అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు. అభిషేకం పొందిన స్త్రీనీ అమ్మగారనే పిలుస్తారు. పిలుపు ఒకటే కావడంతో ఆమె ఉద్యోగం కూడా అయ్యగారికి తోడు ఉండడమేనని పెద్దలు అనుకుంటే అభిషేకానికి అర్థం లేదు. ఆదివారం బడికీ స్త్రీల సమాజానికీ ఆమె, పెళ్లికీ సమాధికీ సంస్కారపు బల్లకూ ఆయన అని పంచితే పాత బైబిలు స్త్రీ స్థితే మళ్లీ వచ్చినట్టు. ఆమెకు సొంతంగా ఒక పాస్టరేటు, ఉండడానికి ఇల్లు, మగ పాస్టరుతో సమానమైన జీతం ఇవ్వాలి. సంఘ కమిటీలో ఆమె మాటకు విలువ ఉండాలి. రాత్రివేళ రోగి ఇంటికి వెళ్లి రావలసినప్పుడు తోడుగా మనిషిని పంపడం సంఘం బాధ్యత.

మన ప్రాంతపు సంఘాల్లో పొలం పనుల మీద బతికే దళిత స్త్రీలు ఎందరో ఉన్నారు. నాట్లకు వంగి, కోతలకు వెళ్లి, వచ్చిన కూలిలోంచి కానుక వేసేది వారే. తమలాంటి ఇంట పుట్టిన స్త్రీ బల్ల దగ్గర నిలబడి రొట్టె అందించడం చూసిన ఆడపిల్ల తన చదువు గురించి వేరుగా ఆలోచిస్తుంది. ఆశ అంటే అదే. ఈసారి పాస్టరు బదిలీల వేళ, మాకు అమ్మగారిని పంపండి అని సంఘ పెద్దలే ముందుగా అడిగితే సంతోషించదగిన విషయం.