ఇందిరను నిందించే ముందు

డాక్టర్ పి. శ్రీదేవి రచించిన 'కాలాతీత వ్యక్తులు' 1957-58లో 'తెలుగు స్వతంత్ర' పత్రికలో ధారావాహికగా వెలువడినది. 1963లో వచ్చిన 'చదువుకున్న అమ్మాయిలు' చలనచిత్రానికి ఈ నవలయే ఆధారం. రచయిత్రి ఆ చిత్రాన్ని చూడలేదు. ముప్పది ఏండ్లు దాటిన కొద్దికాలానికే, 1961లో, ఆమె కన్నుమూశారు.

ఈ నవల చదివిన మన విద్యార్థులలో పెక్కుమంది కల్యాణిని మెచ్చుకొని ఇందిరను దూషిస్తారు. కల్యాణి తండ్రిని పోగొట్టుకొని ఒంటరియైన విద్యార్థిని, శాంతమూర్తి. ఇందిర బాధ్యత ఎరుగని తండ్రిని తన జీతంతో పోషించే ఉద్యోగిని. కల్యాణికి చేరువైన ప్రకాశాన్ని తనవైపు తిప్పుకొన్నదని ఆమెపై అభియోగం. దానిని నేను కొట్టివేయను. అయినను కుటుంబం కూలిన పిదప బ్రతుకు ఎట్లు నిలబడుతుందో నిజంగా చెప్పినది ఇందిర కథయే అని నా అభిప్రాయం. కల్యాణికి మంచి మిత్రులు దొరికారు. కడకు డాక్టర్ చక్రవర్తి వంటి సహృదయుడు భర్తగా లభించాడు. ఆదోనిలో ప్రతి ఆడపిల్లకూ ఒక చక్రవర్తి ఎక్కడనుండి వస్తాడు? ఇందిరకు ఉన్నది నెలజీతం ఒక్కటే. ఇల్లు గడవవలసినది దానితోనే. ఆమె మాటలోని కరకుదనం ఆ లెక్కలోనుండి పుట్టినదే. ప్రకాశం పిరికితనంతో తప్పుకొన్నప్పుడు సైతం ఆమె క్రుంగిపోలేదు. కృష్ణమూర్తిని పెండ్లాడి తన దారి తాను చూచుకొన్నది.

మన ఇండ్లలో యజమాని మరణిస్తే జరిగేది మనకు తెలియనిది కాదు. జిన్నింగు మిల్లునుండి వచ్చే కూలి ఆగిపోతుంది. తల్లి నాలుగు నెలల పది దినాలు ఇద్దత్ పాటిస్తుంది. ఇంటిపని, చిన్నపిల్లల భారం పెద్దకుమార్తెపై పడుతుంది. కళాశాల హాజరుపట్టీలో మొదట చెరిగేది ఆమె పేరే, తమ్ముని చదువు ఆగరాదు గనుక! బంధువులు ఓదార్చి, వెంటనే సంబంధం చూస్తారు. అది దయ అని వారి నమ్మకం. నేను నమ్మను.

ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘాన్ని స్థాపించినది దానధర్మాలకు కాదు. నేతగాని మగ్గం ఆగకుండ నూలు సమకూర్చి, నేసిన గుడ్డను అమ్మిపెట్టే ఏర్పాటు అది. తండ్రి పోయిన విద్యార్థినికి కావలసినదీ అటువంటి ఏర్పాటే. పాలకవర్గం వారు ఒక తీర్మానం చేయవలెనని నా మనవి. అట్టి విద్యార్థిని పేరును ఆ సంవత్సరం తొలగించరాదు, ఫీజు అడుగరాదు, హాజరు తగ్గినచో పరీక్షకు అనుమతించుమని విశ్వవిద్యాలయానికి కళాశాలయే వ్రాయవలెను.

మన గ్రంథాలయంలో ఈ నవల ప్రతి ఒక్కటే ఉన్నది, అదియు అట్టలు ఊడినది. మరి రెండు ప్రతులు కొనుటకు తీర్మానం కూడ అక్కరలేదనుకొంటాను.