ఎండలు ముదరకముందే ఆ ఫ్యాను వైరు సంగతి చూడండి

మంగళగిరిలో నెట్ సెంటర్లు, డీటీపీ షాపులు, చీరల కొట్లు నడుపుతున్నవారికి, కంప్యూటర్ రిపేరు సోదరులకు విజ్ఞప్తి



ఎండాకాలం మొదలైతే చాలు, మన ఊళ్లో సీపీయూ డబ్బాకి పక్క రేకు ఊడిపోతుంది. దాని ఎదురుగా స్టూలు మీదికి టేబుల్ ఫ్యాను ఎక్కుతుంది. చల్లబడినట్టే ఉంటుంది గానీ, ముందు నుంచి వెనక్కి పోవాల్సిన గాలి దారి తప్పుతుంది. గదిలో దుమ్మంతా బోర్డు మీదికి చేరుతుంది. అదేమన్నా మామూలు దుమ్మా? మగ్గాలున్న వీధుల్లో నూలు నుసి, గంజి పొడి. గుంటూరు మిర్చి కొట్లలోనైతే డబ్బా తెరిచినవాడికి ముందు తుమ్ములు. ఈ నుసి హీట్‌సింక్ రెక్కల మధ్య దూది పరుపులా పేరుకుపోతే పైనుంచి ఎంత గాలి కొట్టినా వేడి కదలదు.

ప్రాసెసర్ 100 డిగ్రీల దగ్గరికి వచ్చిందంటే తన వేగం తనే తగ్గించుకుంటుంది. ఇంకా వేడెక్కితే ఉన్నపళాన ఆగిపోతుంది. మన పిల్లల హాల్‌టికెట్లు, ఈఏపీసెట్ ఫలితాలు వచ్చేది సరిగ్గా ఆ ఎండల రోజుల్లోనే. రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, ఇక కంప్యూటరెంత!

అదనపు ఫ్యాను వేయించుకోవడం మంచిదే. పేచీ అంతా దాన్ని తగిలించే చోట ఉంది. పని తొందరగా అయిపోతుందని సప్లయి నుంచి వచ్చే మోలెక్స్ కనెక్టరుకి, అంటే పసుపు, నలుపు వైర్లకి, నేరుగా కలిపేస్తున్నారు. ఇక ఆ ఫ్యానుకి పగలూ రాత్రీ 12 వోల్టులే. డిసెంబరు చలిలోనూ అదే హోరు. ఎంత తిరిగితే అంత దుమ్ము లోపలికి, అంతగా బేరింగు అరుగుదల. అది ఆగిపోయినా బోర్డుకి తెలియదు, మనకి చెప్పే నాథుడు ఉండడు.

బోర్డు మీద సిస్‌ఫ్యాన్ అనో చాఫ్యాన్ అనో రాసి ఉన్న పిన్నులు, అంటే హెడర్లు, ఊరికే పెట్టలేదు. నాలుగు పిన్నుల ఫ్యాను అయితే బోర్డు పీడబ్ల్యూఎం సంకేతంతో వేగం మారుస్తుంది. మూడు పిన్నులదైతే వోల్టేజీ తగ్గించి మారుస్తుంది. అందుకే మూడు పిన్నుల ఫ్యాను పెట్టినప్పుడు బయోస్‌లో డీసీ మోడ్ ఎంచుకోవాలి. పీడబ్ల్యూఎంలో వదిలేస్తే అది ఎప్పుడూ ఫుల్ స్పీడే. స్మార్ట్ ఫ్యాన్, క్యూ-ఫ్యాన్ అనే చోట 40 డిగ్రీల దాకా నెమ్మదిగా, 75 దాటితే పూర్తి వేగంతో తిరిగేలా గీత సర్దితే చాలు. పిన్నులు చాలకపోతే స్ప్లిటర్ వాడవచ్చు. కాకపోతే ఒక్కో హెడరు ఇచ్చేది సాధారణంగా 1 ఆంపియరే. 0.3 ఆంపియర్ల ఫ్యాన్లు రెండు పెట్టి ఊరుకోండి. అంతకు మించితే సాటా కరెంటు తీసుకునే హబ్ పెట్టించండి.

గాలి దిక్కు కూడా చూడాలి. ఫ్యాను చట్రంలో అడ్డపుల్లలున్న వైపు నుంచి గాలి బయటికొస్తుంది. ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి పెట్టి, ముందువాటికి జాలీ బిగిస్తే సందుల్లోంచి నుసి దూరడం తగ్గుతుంది. దుమ్ము వదిలించడానికి బ్లోయరు కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోండి, గిరగిరా తిప్పనివ్వకండి. గది 42 డిగ్రీలుంటే ఏ ఫ్యానూ డబ్బాని అంతకన్నా చల్లబరచలేదు. కాబట్టి కంప్యూటర్ని గోడకి ఆనించకుండా, ఎండపడే కిటికీకి దూరంగా ఉంచండి.

రిపేరు సోదరులకు మా కోరిక ఒక్కటే. ఫ్యాను వేసిన ప్రతి బిల్లు మీదా దాన్ని ఏ హెడరుకి తగిలించారో, డీసీయా పీడబ్ల్యూఎమ్మా, గాలి లోపలికా బయటికా రాసివ్వండి. రేపు ఇంకొకరు డబ్బా తెరిచినా వెతుక్కునే పని ఉండదు. రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది, దానికి కూలి అడగండి, ఇస్తాం.

యజమానులారా! శివరాత్రి లోపు ఈ పని చేయించండి. డబ్బిచ్చే ముందు కంప్యూటర్ ఆన్ చేయించి, బయోస్ తెర మీద ఆ ఫ్యాను ఎన్ని ఆర్‌పీఎం తిరుగుతోందో చూపించమనండి. ఫ్యాను తిరుగుతున్నా అక్కడ సున్నా కనిపిస్తే, వైరు ఎక్కడ పెట్టారో అడగండి.