రెరా నంబరు లేని ఫ్లాటుకు రూపాయి కట్టొద్దు

ఈ నెల జీతం పడగానే, అనుమతులు రాకముందే అమ్మే ప్రీ లాంచ్ ఫ్లాటుకు డబ్బు కట్టాలనుకుంటున్నవారు దయచేసి ఆగండి. హైదరాబాద్ శివార్లలో, ముఖ్యంగా పడమటి వైపు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల పొదుపు మీదే కన్నేసి సాగుతున్న అమ్మకాలివి. వీటిలో ఇప్పటికే ఎన్నో కుటుంబాలు నిండా మునిగాయి.

బేరం తీరు ఎక్కడైనా ఒకటే. అనుమతులు వచ్చేస్తున్నాయంటారు. మొత్తం ఇప్పుడే కడితే సగం ధరకే ఇస్తామని, వచ్చే వారం రేటు పెరుగుతుందని తొందరపెడతారు. చేతికిచ్చేది ఒక ఎంవోయూ కాగితం, లేదా యూడీఎస్ పేరిట భూమిలో అవిభాజ్య వాటా. రిజిస్ట్రేషన్ అయిపోయిందని మనం ధీమాగా ఉంటాం. రిజిస్టరైంది ఫ్లాటు కాదు, ఎక్కడున్నాయో ఎవరూ చూపలేని కొన్ని గజాల నేల. అనుమతి రాకపోతే వందలమంది ఒకే స్థలానికి యజమానులై, కట్టుకోలేక, అమ్ముకోలేక కోర్టుల చుట్టూ తిరగాల్సిందే.

2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. మరీ చిన్నవి తప్ప ఏ ప్రాజెక్టయినా రెరాలో నమోదు కాకముందు అమ్మడమే కాదు, ప్రకటన ఇవ్వడం కూడా తప్పే. అమ్మకం ఒప్పందం రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. వసూలైన సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉండాలి. నూటికి నూరూ ముందే అడిగే బిల్డర్‌కు ఈ నిబంధనలేవీ పట్టవన్నమాట. మన డబ్బుతో అతను ఇంకోచోట భూమి కొనడని ఎవరు హామీ ఇస్తారు?

రెరా నంబరు ఉన్నంతమాత్రాన కూడా సరిపోదు. స్థలం చెరువు ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) హద్దులో ఉందా, బఫర్‌లో ఉందా అన్నది హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపుల్లో మీరే చూసుకోండి. 25 ఎకరాలు దాటిన చెరువుకు 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. ఇది గొలుసుకట్టు చెరువుల ఊరు. పైచెరువు అలుగు పారితే నీళ్లు కింది చెరువుకు పోవాలి, దారిలో మన సెల్లారు ఉంటే అందులోకే వస్తాయి. 2020 అక్టోబరులో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి కింది కాలనీలు మునిగాయి. 1908 మూసీ వరద తర్వాత ఈ నగరం ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టుకుంది. 1996లో ప్రభుత్వం 111 జీవోతో ఆ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర నిర్మాణాలకు అడ్డుకట్ట వేసింది. ఆ ఆంక్షలను ఎత్తేస్తూ 2022లో జీవో ఇవ్వడం నా దృష్టిలో ఘోరమైన నిర్ణయం. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ కూల్చివేతలు మొదలైనప్పుడు రోడ్డున పడ్డవాళ్లలో అప్పుచేసి ఇల్లు కొనుక్కున్న మామూలు మనుషులూ ఉన్నారు. హెచ్‌ఎండీఏ పరిధిలో మూడు వేలకు పైగా ఉన్న చెరువులన్నిటికీ ప్రభుత్వం వెంటనే హద్దులు తేల్చాలి. అనుమతి లేని ప్రాజెక్టుల్లో యూడీఎస్ రిజిస్ట్రేషన్లు ఆపాలి.

జీతం సంగతి కూడా ఆలోచించండి. 20 ఏళ్ల ఈఎంఐకి సంతకం పెడుతున్నామంటే 20 ఏళ్లూ ఇదే ఉద్యోగం ఉంటుందని నమ్ముతున్నట్టే. 2025 జులైలో టీసీఎస్ 12 వేలకు పైగా ఉద్యోగాల కోత ప్రకటించింది. సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్‌1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము వేసింది. వాషింగ్టన్‌లో ఒక ఉత్తర్వో, పశ్చిమాసియాలో ఒక యుద్ధమో మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ఆగిపోవడానికి చాలు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి, వీడియో చూసి డబ్బు పంపేవారికి ఈ ప్రమాదం రెండింతలు. వీసా అక్కడ ఊగుతుంది, స్థలం ఇక్కడ ఊగుతుంది.

ప్రీ లాంచ్ ఫ్లాటుకు ఇప్పటికే కట్టినవారు ఇక మీదట బిల్డర్‌కు వాయిదాలు ఆపండి. రసీదులు, వాట్సాప్ సందేశాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు భద్రపరచుకోండి. బిల్డర్ మాటలు నమ్మి నెలలు గడపకుండా తెలంగాణ రెరాలోనూ, పోలీసుల ఆర్థిక నేరాల విభాగంలోనూ ఫిర్యాదు చేయండి. మీతోపాటు కట్టిన వాళ్లందరినీ కూడగట్టుకుని, ఈ వారమే వెళ్లండి.