జెర్సీ విప్పమని అడగని దుఃఖం

ప్రధాన స్రవంతిలో కలవండి, కలవండి అని మా కౌమ్‌కి దశాబ్దాలుగా సుద్దులు చెబుతున్న పెద్దమనుషులు ఒక్కసారి కలకత్తా ఫుట్‌బాల్ వైపు చూడాలి. కలవడమంటే ఏమిటో గ్యాలరీల్లో గొంతు చించుకునే మామూలు జనానికి వాళ్ళకన్నా బాగా తెలుసు.

అక్కడ మూడు పెద్ద క్లబ్బులున్నాయి. 1889 నాటి మోహన్ బగాన్ పశ్చిమ బెంగాల్ స్థానికులదని పేరు. 1920 నాటి ఈస్ట్ బెంగాల్ తూర్పు నుంచి వచ్చినవాళ్ళదని, విభజన తర్వాత కాందిశీకులదని పేరు. 1891లో పుట్టిన మహమ్మడన్ స్పోర్టింగ్ ఎవరిదో దాని పేరే చెబుతుంది. కలకత్తా లీగ్ గెలిచిన తొలి భారతీయ జట్టు ఇదే. 1934 నుంచి 1938 దాకా వరసగా అయిదేళ్ళు గెలిచింది. కానీ తమాషా చూడండి. 1911లో మోహన్ బగాన్ తెల్లవాళ్ళ పటాలాన్ని ఓడించి షీల్డ్ గెలిస్తే అది జాతీయోద్యమం. మహమ్మడన్ అయిదేళ్ళపాటు తెల్లవాళ్ళ జట్లను వెనక్కి నెడితే అది మతాభిమానం! బంతి ఒకటే, గోల్‌పోస్టు ఒకటే. పేరు దగ్గరే వచ్చింది పేచీ.

ఈ క్లబ్బుల మధ్య పోటీ ఆషామాషీ కాదు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఆడుతుంటే గ్యాలరీల్లో కొట్లాట మొదలై, తొక్కిసలాటలో 16 మంది అభిమానులు చనిపోయారు. ఆ రోజుని ఫుట్‌బాల్ ప్రేమికుల దినంగా పాటిస్తూ రక్తదానం చేస్తారు. ఏ జట్టువాడి రక్తమో ఎవరూ అడగరు.

ఇక 2024 ఆగస్టు. 9వ తేదీన ఆర్.జి.కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న యువ డాక్టర్‌ని అత్యాచారం చేసి చంపారు. ఊరు ఊరంతా రగిలిపోయింది. 18న సాల్ట్ లేక్ స్టేడియంలో జరగాల్సిన డ్యూరాండ్ కప్ మ్యాచ్‌ని బందోబస్తు కుదరదని రద్దు చేశారు. మ్యాచ్‌కి దొరకని పోలీసులు, మ్యాచ్ లేని రోజున స్టేడియం బయట లాఠీలతో దండిగా దిగారు. అయినా జనం వచ్చారు. మోహన్ బగాన్ వాళ్ళూ ఈస్ట్ బెంగాల్ వాళ్ళూ ఒకరి భుజాల మీద ఒకరెక్కి న్యాయం కావాలన్నారు. వాళ్ళ పక్కన మహమ్మడన్ అభిమానులు నలుపు తెలుపు జెండాలతో నిలబడ్డారు.

గమనించాల్సింది ఇక్కడే. 'ముందు ఆ జెర్సీ విప్పు, తర్వాత మాతో కలిసి ఏడువు' అని అక్కడ ఎవరూ ఎవర్నీ అడగలేదు. ఎవరి రంగు వాళ్ళ ఒంటి మీదుంది, దుఃఖం అందరిదీ అయింది. రంగులు వేరుగా ఉన్నాయి కాబట్టే ఆ కలయికకి అంత బలం వచ్చింది. అందరూ తెల్లచొక్కాలు తొడుక్కొస్తే అదొక మామూలు ఊరేగింపు, అంతే.

మరి మాకు చెప్పే ఐక్యత ఎలాంటిది? గడ్డం తీసెయ్, బురఖా తీసెయ్, ఉర్దూ మానెయ్, అప్పుడు నువ్వు మావాడివి! ఇది కలవడమా, కరిగిపోవడమా? మన హైదరాబాదీ మహమ్మద్ హబీబ్ ఆ మూడు క్లబ్బులకీ ఆడారు. 2023లో కన్నుమూసేదాకా కలకత్తాకి ఆయన 'బడే మియా'నే. మియా అన్న మాట అక్కడ గౌరవమైంది. మరి మా బస్తీ దాటి బయటికొస్తే అదే మాట తిట్టెందుకవుతోంది?

ఇంకో మాట. దుఃఖంలో తోడు నిలవడమంటే కొవ్వొత్తి పట్టుకోవడం ఒక్కటే కాదు. చచ్చినవాళ్ళ మీద నింద పడ్డప్పుడు పొరుగువాడి మాట నమ్మడం. ఇంగ్లండ్‌లో 1989 ఏప్రిల్ 15న హిల్స్‌బరో స్టేడియంలో జనం నలిగిపోయి, మొత్తం 97 మంది లివర్‌పూల్ అభిమానులు ప్రాణాలు కోల్పోయారు. తప్పు పోలీసుల బందోబస్తుది. నింద మాత్రం చచ్చినవాళ్ళ మీద, బతికి బయటపడ్డవాళ్ళ మీద! తాగుబోతులన్నారు, శవాల జేబులు కొట్టారని పత్రికలో అచ్చేశారు. అప్పుడు అదే ఊళ్ళోని ప్రత్యర్థి జట్టు ఎవర్టన్ అభిమానులు ఏం చేశారు? తమ నీలి స్కార్ఫులని లివర్‌పూల్ వాళ్ళ ఎర్ర స్కార్ఫులకి ముడేసి రెండు స్టేడియాల మధ్య పార్కు పొడవునా కట్టారు. అభిమానుల తప్పేమీ లేదని జ్యూరీ తేల్చడానికి 2016 దాకా పట్టింది. పొరుగువాళ్ళకి మాత్రం ఆ తీర్పుతో పనిపడలేదు.

మన ఊరికి రండి. 2007 మే 18, జుమ్మా రోజు. మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకి వచ్చినవాళ్ళు చనిపోయారు. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఇంకొందరు పోయారు. జనాజాలు లేచిన మొహల్లాల్లోనే మా కుర్రాళ్ళని పట్టుకుపోయి చిత్రహింసలు పెట్టారు. చచ్చిందీ మేమే, ముద్దాయిలమూ మేమే! తర్వాత కోర్టులు వాళ్ళని వదిలేశాయి, సర్కారే నష్టపరిహారమిచ్చింది. పౌరహక్కుల మిత్రులు కొందరు మాతో నిలబడ్డారు, ఆ రుణం మరిచిపోం. కానీ ఈ మహానగరంలో మిగతా జనం స్కార్ఫు మా స్కార్ఫుకి ముడిపడిందా? 'నిప్పు లేనిదే పొగ రాదుగా' అన్న నోళ్ళెన్ని?

సెక్యులర్ మిత్రులారా, మీ కన్నీళ్ళని మేం శంకించడం లేదు. ఆ కన్నీళ్ళకి షరతులు పెట్టొద్దంటున్నాం. కలకత్తాలో ఆ జనం తర్వాతి మ్యాచ్‌కి మళ్ళీ తిట్టుకుంటారు. తిట్టుకోనివ్వండి. పోటీ వేరు, పగ వేరు. మీతో మాకూ తగాదాలుంటాయి, వాదిస్తాం, విభేదిస్తాం. మా మీద నింద పడ్డ రోజున మాత్రం కోర్టు తీర్పు దాకా ఆగకండి. మా టోపీ మా నెత్తిన ఉండగానే వచ్చి పక్కన నిలబడండి. మీ ఇంట్లో చావొచ్చినప్పుడు మేమూ ఈ టోపీతోనే వస్తాం.