ఇంజను పెద్దదైతే బండి గొప్పదైపోతుందా?

మన ఐటీ జనాలకి ఓ జబ్బుంది. క్వెరీ నెమ్మదిగా నడుస్తోందంటే ఇండెక్సు ఉందో లేదో చూడం, సర్వరుకి ర్యామ్ పెంచెయ్యమంటాం. ఈ జబ్బుని ఇప్పుడు ఇంట్లో కార్లు కట్టుకునే కుర్రాళ్ళక్కూడా అంటిస్తున్నాం. ఎవడో పాపం తుక్కు సామానుతో ఓ కారు చేసి వీడియో పెడితే చాలు, ఏసీ గదుల్లోంచి మనవాళ్ళ సలహా ఒక్కటే: "బ్రో, ఇంజను మార్చెయ్!"

ఎవరి గురించో కాదు. కొత్తపేట దగ్గర మా బాబాయి కొడుకు ఐటీఐ చదివి, కొబ్బరికాయల షెడ్డులో ఓ మూల రెండేళ్ళుగా కారు కడుతున్నాడు. ఇనుప గొట్టాల ఫ్రేము సొంతంగా వెల్డింగు చేసుకున్నాడు. ఇంజను, గేరుబాక్సు, వెనక యాక్సిలు పాత మారుతీ ఓమ్నివి. ఓమ్నిలో ఇంజను నిలువుగా ఉండి, షాఫ్టు ద్వారా వెనక చక్రాల్ని తిప్పుతుంది కాబట్టి ఇలాంటి పనికి అచ్చొచ్చిన సరుకు. కాటా మీద తూస్తే బండి 450 కిలోలు తూగింది. మొన్న ఫోను చేసి, "అన్నయ్యా, బండి లాగట్లేదు. బెజవాడ ఆటోనగర్‌లో జిప్సీ ఇంజను ఉందంట, ఎక్కించేద్దామా?" అన్నాడు. మా ఆఫీసులో నలుగుర్ని అడిగితే నలుగురూ ఎక్కించెయ్యమన్నారు. నేను మాత్రం వద్దంటున్నాను. ఎందుకో చెప్తాను.

ఓమ్ని 796 సీసీ ఇంజను ఇచ్చేది సుమారు 35 హార్స్ పవర్. అది 450 కిలోల బండిలో ఉంటే టన్నుకి దాదాపు 78 పడుతుంది. మనం రోజూ ఆఫీసుకి తోలుకెళ్ళే వేగనార్ లాంటి కార్లలో కూడా ఇంచుమించు అంతే. అంటే శక్తి చాలకపోవడం కాదు. మరి లాగదేం? చూపు బావుండాలని వాడు 12 అంగుళాల చక్రాలు తీసేసి జీపు టైర్లు వేశాడు. టైరు చుట్టుకొలత ఎంత శాతం పెరిగితే గేర్లన్నీ అంత శాతం బరువెక్కినట్టే. ఇదండీ, లేని ఇండెక్సు! పాత సైజు టైర్లు వేస్తే తీరే జబ్బుకి గుండె మార్పిడి చేస్తారా?

సరే, ఎక్కించారనే అనుకుందాం. 16 వాల్వుల జిప్సీ ఇంజను 80 హార్స్ పవర్, టార్కు సుమారు 103 న్యూటన్ మీటర్లు. ఓమ్నిది 59. మొదటి గేరు, ఫైనల్ డ్రైవు కలిపి 15 రెట్లు అనుకుంటే, యాక్సిలు మీద పడేది 885 నుంచి 1545కి పోతుంది. దాన్ని మొయ్యాల్సినవి ఎవరి వెల్డింగులు? ఏ గేరుబాక్సు పళ్ళు? పాత గేరుబాక్సే ఉంచాలంటే మధ్యలో అడాప్టరు ప్లేటు చేయించాలి. షాఫ్టు సెంటరు కొంచెం తప్పినా క్లచ్చు ప్లేటూ బేరింగూ అయిపోతాయి. జిప్సీ గేరుబాక్సు కూడా తెచ్చేస్తే బరువు, పొడవు, షాఫ్టు కోణం అన్నీ మారతాయి. ఒక లైబ్రరీ వెర్షను మారిస్తే పదిహేను డిపెండెన్సీలు విరగడం మనకి కొత్తా?

అన్నిటికంటే ముఖ్యం, బ్రేకులు. 60లో పోయే బండి 90లో పోతే ఆపాల్సిన శక్తి ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లు. కోనసీమ రోడ్లు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఓ పక్క కాలువ, ఓ పక్క బోదె, ఎదురుగా కొబ్బరికాయల లారీ. ఎక్కడానికి కొండ లేదు, పరిగెట్టించడానికి చోటు లేదు. ఇక్కడ 80 హార్స్ పవర్ ఎవరికి చూపిస్తారు, కాలువలో చేపలకా?

మన ఇంజనీరింగ్ కాలేజీల కుర్రాళ్ళు బాహా ఎస్ఏఈ ఇండియా పోటీలకి 2007 నుంచి వెళ్తున్నారు. ఏళ్ళ తరబడి అక్కడ అందరికీ ఒకటే ఇంజను, 305 సీసీ, 10 హార్స్ పవర్. దాంట్లో వేలు పెట్టనివ్వరు. గెలుపోటములు గేరు నిష్పత్తిలో, సస్పెన్షన్లో, బరువులో తేలతాయి. బ్రేకు పరీక్షలో నాలుగు చక్రాలూ బిగుసుకోకపోతే పోటీలోకే రానివ్వరు. ఇంజనీరింగంటే అదీ.

ఇక రెండో వర్గం ఉంది. "ఇవన్నీ నిషేధించెయ్యాలి" అనే పెద్దమనుషులు. వాళ్ళతో ఇంకా పెద్ద పేచీ నాకు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. బావుంది. కానీ అదే సెక్షను గ్యాసు కిట్టుకీ, బ్యాటరీ కిట్టుకీ షరతులతో దారి ఇచ్చింది. అంటే మార్పుని పరీక్షించి ఒప్పుకోవడం సర్కారుకి చేతకానిదేం కాదు. ఒక్కడు కట్టిన ఒక్క బండికి మాత్రం దారి చూపించలేదు. ఉన్న పరీక్షలన్నీ వేల బండ్లు చేసే కంపెనీల కొలతలకి కుట్టినవే.

మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో దత్తాత్రేయ లోహార్ చిన్న జీపు కడితే, ఆనంద్ మహీంద్రా మెచ్చుకుని, ఇది నిబంధనలకి సరిపోదు కాబట్టి దాని బదులు బొలెరో ఇస్తానన్నారు. 2022 జనవరిలో ఇచ్చారు కూడా. అందరం చప్పట్లు కొట్టాం. ఆయన మంచితనాన్ని కాదనను. కానీ కారు కట్టగలిగినవాడిని కారు కొనుక్కున్నవాడిగా మార్చి పంపడం మనకి సుఖాంతం ఎలా అయింది?

బ్రిటన్‌లో 2009 నుంచి ఐవీఏ అని ఒక పరీక్ష ఉంది. ఇంట్లో కట్టిన బండి తీసుకెళ్తే బ్రేకులు, స్టీరింగు, సీటు బెల్టులు, దీపాలు, పొగ అన్నీ చూస్తారు. తప్పితే ఎందుకు తప్పిందో రాసిస్తారు, సరిచేసుకుని మళ్ళీ వెళ్ళొచ్చు. పాసైతే నంబరు ప్లేటు. ఇలాంటిది మనకీ కావాలి. స్పీడుకి పరిమితి పెట్టండి, జిల్లా దాటొద్దనండి, బీమా తప్పనిసరి చెయ్యండి. కానీ పరీక్షంటూ ఒకటి పెట్టండి. పరీక్షే లేనిచోట జాగ్రత్తగా కట్టినవాడూ, తాడుతో కట్టినవాడూ ఒకటే నేరస్తులు. అలాంటప్పుడు బ్రేకుల మీద పదివేలు ఎవడు ఖర్చు పెడతాడు? వీడియోలో కనపడే ఇంజను మీదే పెడతాడు.

టెస్టింగు లేకుండా ఒక్క లైను ప్రొడక్షన్‌లోకి పోనివ్వని మనం, మనిషి కూర్చునే బండికి మాత్రం అటు "ఎక్కించెయ్" అనో, ఇటు "ఆపించెయ్" అనో తేల్చేస్తున్నాం. ఈసారి అలాంటి వీడియో కనపడితే హార్స్ పవర్ ఎంతని అడక్కండి. 60లో బ్రేకు కొడితే ఎన్ని మీటర్లలో ఆగిందో అడగండి. కొలిచి చెప్పగలిగినవాడే ఇంజనీరు, వాడి దగ్గర డిగ్రీ ఉన్నా లేకపోయినా.