అత్యవసర వైద్య శిక్షణపై రాయల్ కాలేజ్ ఆఫ్ ఎమర్జెన్సీ మెడిసిన్‌కు బహిరంగ లేఖ

కాలేజ్ కార్యవర్గానికి,

బ్రిటన్ అత్యవసర విభాగాల్లోని అడ్వాన్స్‌డ్ క్లినికల్ ప్రాక్టీషనర్లు, అంటే నర్సింగ్, పారామెడిక్ వంటి వృత్తుల నుంచి వచ్చి మాస్టర్స్ స్థాయి శిక్షణతో రోగిని స్వయంగా పరీక్షించి, రోగం నిర్ధారించి, చికిత్స నిర్ణయించేవారు, మీ పాఠ్యప్రణాళికనే ప్రమాణంగా భావిస్తారు. 2017లో ఇంగ్లండ్‌లో వెలువడిన విధాన పత్రం వారి పనిని వైద్యసేవ, నాయకత్వం, బోధన, పరిశోధన అనే నాలుగు అంశాలుగా చూపింది. రద్దీ పెరిగిన విభాగంలో మాత్రం తరచూ మొదటిదే మిగులుతుంది.

దీని నష్టం సంక్లిష్ట రోగుల వద్ద బయటపడుతుంది. కిందపడి వచ్చిన 80 ఏళ్ల వ్యక్తి రక్తం పలచబరిచే మందు వాడుతుంటే చిన్న దెబ్బకే తలలో రక్తస్రావం కావచ్చు. నాడి వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ కూడా వాడుతుంటే, లోపలి రక్తస్రావం గానీ, ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపుతప్పి స్పందించి అవయవాలు దెబ్బతినే సెప్సిస్ గానీ నాడిలో తెలియకపోవచ్చు. అసలు ఆ పడిపోవడానికే గుండె లయ తప్పడం కారణమై ఉండవచ్చు. వీటన్నిటినీ ఒకేసారి బేరీజు వేసే నేర్పు, పక్కనే కన్సల్టెంట్ నిలబడి ప్రశ్నిస్తున్నప్పుడు అబ్బేదే తప్ప, షిఫ్టు ముగిశాక నింపే పోర్ట్‌ఫోలియోతో వచ్చేది కాదు.

కాబట్టి క్రెడెన్షియలింగ్‌కు, అంటే సామర్థ్యానికి మీరిచ్చే అధికారిక గుర్తింపుకు, పర్యవేక్షణలో సాగే శిక్షణ గంటలను డ్యూటీ పట్టికలోనే విడిగా కేటాయిస్తామనే ఆసుపత్రి లిఖిత హామీని షరతుగా ఉంచి, దాని అమలును ఏటా తనిఖీ చేయాలి. హామీ తప్పితే జవాబు చెప్పవలసింది ఆసుపత్రే గానీ, గంటలు దొరకని శిక్షణార్థి కాదు.