చేతితో చేసిన కానుక

పండుగలు మన జీవితంలో ఇచ్చిపుచ్చుకోవడానికి ఏర్పడిన ముహూర్తాలు. సంక్రాంతికి అల్లునికి కొత్తబట్టలు, ఆడపడుచుకు పసుపుకుంకుమలు, దసరాకు అయ్యవారికి సంభావన, పనివారికి ఈనాము, ఇవన్నీ ఎవరూ శాసించకపోయినా తరతరాలుగా నడుస్తున్న మర్యాదలే. ఈ కానుకలలో అధికభాగం అంగడిలో కొన్నవి. ఇచ్చినవారి కలిమి ఎంతో, అభిరుచి ఎటువంటిదో వాటినిబట్టి కొంత తెలుస్తుంది. అంతకుమించి అవి చెప్పేది తక్కువ. కాని కళ వంశవిద్యగా నిలిచిన ఇంటినుండి వచ్చే కానుక సంగతి వేరు. అది కొన్నది కాదు, చేసినది. దానిని ఇవ్వడం ఎట్లు ఒక విద్యయో, అందుకోవడం కూడా అట్లే ఒక విద్య. చదువుకొన్న మనమే ఆ రెండవ విద్యను మరచిపోతున్నామని నా అభిప్రాయం.

ఇటువంటి ఇళ్లకు మన ఉత్తరాంధ్రలో కొదువ లేదు. బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధివారి కుటుంబాలు తరాలుగా వీణలు చేస్తున్నాయి. శ్రీకాకుళం జిల్లా బుడితిలో ఇత్తడి, కంచు పాత్రలు రూపు దిద్దుకొంటాయి. పొందూరులో సన్ననూలు వడికే చేతులు ఇంకా ఆగలేదు. సీతంపేట కొండలలో సవరలు ఇంటి గోడలమీద వ్రాసుకొన్న బొమ్మలు ఈనాడు గుడ్డమీదికీ కాగితంమీదికీ దిగివచ్చాయి. ఈ ఇళ్ల పిల్లలు మన బడులలోనే చదువుకొంటారు. పండుగపూట అటువంటి బిడ్డ ఒకడు జానెడు వీణను తెచ్చి బల్లమీద పెడితే, పంతులుగారు "చాలా బాగున్నదిరా" అని బీరువాలో దాచుకొంటారు. సాధారణంగా కథ అక్కడితో ముగుస్తుంది. అక్కడ ముగియకూడదన్నదే నా మనవి.

ఆ బల్లమీదికి వచ్చినదేమిటో మొదట తెలుసుకోవాలి. గొల్లపల్లి పెద్దవీణనే చూడండి. పనసమాను తెచ్చి, కుండను దండిని విడివిడిగా చేసి అతుకకుండా, ఒకే మొద్దులో తొలిస్తే అది ఏకాండి వీణ. మొద్దులో ఎక్కడ పగులు దాగియున్నా, ఉలి ఒక్కచోట అదుపు తప్పినా, పడిన శ్రమ అంతా వ్యర్థమే. చెక్కడం పూర్తి అయిన తరువాత 24 మెట్లను మైనంలో నిలుపుతారు. ఆ మెట్టు సరియైన చోట కుదిరినదీ లేనిదీ చివరకు తేల్చవలసినది చెవి. కొలబద్ద ఒక్కటే చాలదు. వడ్రంగపు నేర్పుతోపాటు స్వరజ్ఞానం కూడా తండ్రినుండి కొడుకుకు రావాలి. కానుకలకోసం చేసే చిన్నవీణ పాడదు, నిజమే. కాని దానిని చెక్కిన చేయి పాడే వీణను చెక్కగల చేయి.

పొందూరు నూలు కథ ఇంకొకటి. ప్రత్తిని వాలుగ చేప దవడఎముకతో దువ్వాలి. గింజ తీయాలి, ఏకాలి, ఏకులు చుట్టాలి, రాట్నంమీద వడకాలి. అప్పుడుగాని మగ్గం పని మొదలు కాదు. వడకడంలో అధికభాగం స్త్రీల శ్రమ. గాంధీ మహాత్ముడు మెచ్చిన ఖద్దరని మనం సభలలో గర్వంగా చెప్పుకొంటాము. దానిని వడికిన ముసలమ్మకు ఆ రోజు కూలి గిట్టినదా అని అడిగేవారు అరుదు.

ఇటువంటి ఇంటివారితో మనం తరచుగా అనే మాట ఒకటి ఉన్నది: "చేతిలో విద్యే గదా, మాకూ ఒకటి చేసిపెట్టండి. మీకు పోయేదేమున్నది?" బట్టలకొట్టు యజమానితో ఎవరూ ఇట్లు అనరు. కొట్టులోని బట్టకు ధర కట్టియున్నది. చేతిలోని కాలానికి ధర కట్టిలేదు. అందువల్ల అది ఊరకే వచ్చేదని మనకు తోస్తుంది. నిజానికి రోజు కూలిమీద బ్రతికే ఇంటిలో ఊరకే పోయేది మొదట ఆ కాలమే. ప్రేమతో వారు తమంతట ఇచ్చినది కానుక. మనం అడిగి, మొగమాటపెట్టి తీసుకొన్నది వెట్టి. రెండూ చూడడానికి ఒకే వస్తువులు కావచ్చును.

పూర్వం పల్లెలలో ఈ చిక్కుకు ఒక ఏర్పాటు ఉండేది. సంక్రాంతికి కుమ్మరి రైతు ఇంటికి కొత్తకుండ తెచ్చేవాడు. వడ్రంగి నాగలి చూచేవాడు, కమ్మరి కర్రు సాగదీసేవాడు. పంట కళ్లానికి రాగానే వారివారి మేర వారికి కొలిచేవారు. ఆ ఏర్పాటును నేను ఆకాశానికి ఎత్తడంలేదు. అందులో హెచ్చుతగ్గులున్నాయి, కులపు కట్టుబాట్లున్నాయి. కాదనే స్వేచ్ఛ చేసేవానికి లేదు. అయినా తెచ్చిన కుండకు మారుగా ధాన్యం కదలాలన్న న్యాయం అందులో ఉన్నది. ఇప్పుడు మేరలు పోయాయి. కుండ తెచ్చి ఇస్తారన్న ఆశ మాత్రం మనలో మిగిలియున్నది.

ఇచ్చుట, పుచ్చుకొనుట, తిరిగి ఇచ్చుట అనే మూడూ కలిసి ఒకే ధర్మమని ఫ్రెంచి పండితుడు మార్సెల్ మాస్ 1925లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసంలో వాదించాడు. మనకిది కొత్త కాదు. వీధిబడుల కాలంలో దసరాకు పిల్లలు వెదురు విల్లంబులు పట్టుకొని, పద్యాలు పాడుతూ అయ్యవారి వెంట ఇల్లిల్లూ తిరిగేవారు. ప్రతి ఇంటివారూ శక్తికొలది అయ్యవారికి ఇచ్చేవారు, పిల్లలకు పప్పుబెల్లాలు పెట్టేవారు. ఏడాది పొడుగునా ఆయన చెప్పిన చదువుకు అది ప్రతిఫలం. ఈనాడు ఉపాధ్యాయునికి జీతం వస్తున్నది. కనుక కళాకారుని ఇంటినుండి వచ్చే కానుకకు బదులు చెల్లించవలసిన వంతు ఇప్పుడు ఆయనది.

ఎట్లు చెల్లించాలో చూపిన ఉపాధ్యాయుడు మన ప్రాంతంలోనే ఉన్నాడు. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవరల భాష నేర్చుకొన్నారు. సవరలు ఆయనకిచ్చిన కానుక వారి నోటిమాట, వారి పాట, వారి కథ. పంతులుగారు వాటిని పేటికలో దాచుకోలేదు. ఆ భాషలోనే వారి పిల్లలకు వాచకాలు వ్రాశారు. మద్రాసు ప్రభుత్వం 1911లో వాటిని అచ్చువేసి పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టండని కోరారు. కానుక అందుకోవడమంటే అది!

"కానుకకు వెల కట్టడం ఇచ్చినవారిని అవమానించడం కాదా?" అని ఎవరైనా అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. పిల్లవాడు తెచ్చిన చిన్నవీణకు చేతిలో రూపాయలు పెడితే వాని మొగం వాడిపోతుంది. ఆ వీణకు వెల వద్దు. రెండవ వీణకు కావాలి. బడిలో పదవీవిరమణ సభ వచ్చినప్పుడు, ముఖ్యఅతిథికి జ్ఞాపిక ఇవ్వవలసి వచ్చినప్పుడు, పట్నంనుండి గాజుపలకలు తెప్పించడం మాని ఆ ఇంటికి వెళ్లి, అడిగిన ధర బేరమాడక ఇచ్చి కొనండి. జ్ఞాపికమీద ఇచ్చినవారి పేరు, పుచ్చుకొన్నవారి పేరు చెక్కిస్తాము. చేసినవారి పేరు మాత్రం ఎక్కడా కనబడదు. ఆ మూడవ పేరు కూడా వ్రాయించండి. ఒక పూట ఆ శిల్పిని తరగతికి పిలిచి, గురుపీఠం ఇచ్చి, ఉలి ఎట్లు పట్టాలో పిల్లలకు చూపమని కోరండి. తండ్రి ఆ పీఠంమీద కూర్చున్న రోజున ఆయన బిడ్డ తన ఇంటి పనిని చూచి సిగ్గుపడడు.

విద్యార్థులకు కూడా ఒక మాట. రాబోయే పండుగకు మీరు ఏదైనా ఒక వస్తువు స్వయంగా చేసి, మీకు ఇష్టమైనవారికి ఇచ్చి చూడండి. మట్టిప్రమిద కానివ్వండి, కాగితపు పూవు కానివ్వండి. రెండుసార్లు చెడిపోయి మూడవసారి కుదిరినప్పుడు, బీరువాలో ఉన్న జానెడు వీణ ఎంత బరువైనదో తెలుస్తుంది. వంశవిద్యలు సభలలోని పొగడ్తలవల్ల నిలువవు. వాటి విలువ తెలిసి అందుకొనే చేతులు, తిరిగి ఇచ్చే చేతులు ఉన్నంతకాలమే నిలుస్తాయి.